డ్రెయిను లేని పటం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తాడేపల్లిగూడెంలో ఎంటెక్ చదివాను. ప్రాజెక్టుకి కాన్సెప్ట్ లాటిస్ తీసుకున్నాను. పద్ధతి తేలికే. అడ్డం వరసల్లో వస్తువులు, నిలువు వరసల్లో లక్షణాలు రాసి, ఉన్నచోట ఇంటూ గుర్తు పెడతాం. ఒకే లక్షణాలు పంచుకునేవన్నీ ఒక గుంపు. ఏ గుంపు ఏ గుంపులో ఇముడుతుందో గీతలతో కలిపితే, పట్టికలో కంటికి ఆనని సంబంధాలు పటంలో బయటపడతాయి. మిగతావాళ్లు పుస్తకాల్లోని జంతువులనీ పక్షులనీ తీసుకున్నారు. నేను చేపల చెరువులు తీసుకున్నాను.

కారణం మా నాన్న. ఆకివీడు అవతల, కొల్లేరు అంచున ఆయన కౌలుకు చేసే చెరువులో ఆ ఏడు శీలావతి చేపలన్నీ చచ్చి తేలాయి. చుట్టుపక్కల మరికొన్ని చెరువుల్లోనూ అంతే. నాన్న వెంట గట్ల మీద తిరిగి మేత, మందులు, నీళ్లు, సొంతమా కౌలా అన్నీ అడిగి రాసుకొచ్చాను.

ల్యాబ్‌లో పటం వచ్చింది. చేపలు చచ్చిన చెరువులన్నీ కౌలువే, అన్నీ ఒకే మురుగునీటి డ్రెయిను నుంచి నీళ్లు తోడుకునేవే. కౌలువే అయినా పంట కాలువ నీళ్లు పెట్టుకున్నవాటికి ఏమీ కాలేదు. డ్రెయినుకి ఎగువనున్న పెద్ద చెరువులు మా కాలేజీ కమిటీలో ఒక పెద్దమనిషివి. వాటి జబ్బునీళ్లు అందులోకే వదిలేవారు.

ప్రాజెక్టు గైడు సారు చూసి తలుపు వేయమన్నారు. "ఆ డ్రెయిను కాలమ్ తీసెయ్యమ్మా" అన్నారు మెల్లగా. తీస్తే అబద్ధమవుతుందని వాదించాను. తన సంతకం లేకపోతే వైవా ఉండదని చెప్పి, మౌసు అందుకుని ఆయనే తీసేశారు. కొత్త పటంలో చచ్చిన చెరువులకు ఉమ్మడిగా మిగిలింది ఒక్క కౌలే. నష్టమంతా కౌలు రైతుల అజాగ్రత్త వల్లేనని ముగింపు కూడా ఆయనే రాశారు. వైవాలో మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు డ్రెయిను సంగతి తేల్చమని కౌలుదారులు మీటింగు పెట్టించారు. పెద్దమనిషి కాలేజీ నుంచి తెప్పించిన ఆ కొత్త పటం చూపించి, కంప్యూటరే చెప్పిందన్నారట. గీసింది ఎవరి అమ్మాయో కూడా చెప్పారట.

నాన్న వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "నువ్వు చేసిందేనామ్మా అది?"

జరిగిందంతా చెప్పి, మొదటి పటం చేతికిచ్చాను. గీతల వెంట వేలు పెట్టి డ్రెయిను దాకా వెళ్లారు.

"దీని కింద మీ సారు సంతకం లేదు కదమ్మా. ఎవరు నమ్ముతారు?"

అయినా పట్టుకెళ్లారు. ఎవరూ నమ్మలేదు. మరుసటి ఏడు కౌలు వదిలేసి, ఆ ఎగువ చెరువుల్లోనే మేత చల్లే పనికి కుదిరారు. పెద్దమనిషి గట్టు మీద ఎదురైనప్పుడల్లా అమ్మాయి ఎలా ఉందని అడిగేవారట. బాగుందండీ అని నాన్న చెప్పేవారట.