కొసలు విచ్చుకునే బావ

మా బావ రాసిన బోర్డు కింద కుక్క కూడా కాలెత్తదు. కళ్లారా చూశాను. తొమ్మిదో తరగతిని మూడుసార్లు పరీక్షించి, అది నాకు తగదని వదిలేసినవాణ్ణి. నా మాట నమ్మొచ్చు.

అక్కను చేసుకోకముందు బావ సమాధి రాళ్లు చెక్కేవాడు. గీత చివరికొచ్చేసరికి ఉలిని ఒక తిప్పు తిప్పేవాడు. తర్వాత కుంచె పట్టినా ఆ తిప్పు పోలేదు. అందుకే ఆయన గీత నడుములో సన్నగా సాగి, కొసన బాకా మూతిలా విచ్చుకుంటుంది. కొసకి చెప్పులు తొడిగినట్టు విడిగా అడ్డగీత ఉండదు. గీత ఒంట్లోంచి వచ్చిన వెడల్పే. ఆసుపత్రి, బ్యాంకు, లావుపాటి పుస్తకాల అట్టలు, సెంటు సీసాలు, అన్నిటికీ అదే అక్షరం. దాని కింద నిలబడితే పళ్ల డాక్టరు కూడా న్యాయమూర్తిలా కనిపించేవాడు. మంగలి షాపులోకి జనం చెప్పులు విప్పి వెళ్లేవాళ్లు.

చిక్కల్లా బస్టాండు మరుగుదొడ్డి దగ్గర వచ్చింది. బావ బోర్డు పెట్టిన రోజు నుంచి అందులోకి ఒక్కడూ వెళ్లలేదు. వచ్చినవాళ్లు టోపీ తీసి, రెండు నిమిషాలు తల వంచి నిలబడి, ఇక ఆగలేక ఎదురుగా ఉన్న మునిసిపల్ ఆఫీసు గోడకేసి పరిగెత్తేవాళ్లు. ఒక ముసలావిడ గుమ్మంలో పూలు కూడా పెట్టి పోయింది.

ఆ గోడ వెనకే ఆఫీసరు కుర్చీ. మూడో రోజు ఆయన ముక్కు మూసుకునే మా ఇంటికొచ్చాడు.

"ఏమయ్యా, దొడ్డికి ఇంత మర్యాదేంటి? సోమవారానికల్లా మామూలు అక్షరాలు రాయి. లేదంటే నూట ఇరవై వీధుల బోర్డులూ ప్లాస్టిక్ అక్షరాల షాపుకే!"

బావ అప్పటికప్పుడే కుంచె కడిగాడు. ఊళ్లో ప్రతి మలుపులోనూ తన ఇంటి పని కనపడాలని ఏడేళ్లుగా ఆ బోర్డుల కోసమే కాచుక్కూర్చున్నాడు మరి.

కొస విచ్చుకోని మొండి గీత కోసం రెండు రోజులు కుస్తీ పట్టాడు. గీత చివర నేను చెయ్యి పట్టుకున్నాను. విచ్చుకుంది. మణికట్టుకి రూళ్లకర్ర కట్టాను. రూళ్లకర్రే విచ్చుకుంది.

"బావా, కుంచె పళ్లతో పట్టి చూడు."

"నోర్ముయ్ రా, తొమ్మిదో తరగతీ!" అంటూనే పట్టాడు. అదీ విచ్చుకుంది.

వంటింట్లోంచి అక్క వచ్చింది. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా మీద పేర్లు రాసుకునే చెయ్యి ఆమెది. ఆ అక్షరాలు మేకుల్లా ఉంటాయి, పని అయిన చోట ఆగిపోతాయి.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. జరగండి అవతలికి!" అని కుంచె లాక్కుని, పొయ్యి మీద పాలు పొంగేలోపు రాసేసింది.

సోమవారం నేను మేకు పూర్తిగా దిగ్గొట్టకముందే మొదటివాడు నన్ను తోసుకుంటూ లోపలికి దూరాడు. పది నిమిషాల్లో వరస వీధి చివరిదాకా సాగింది. ఆఫీసరు కిటికీ తెరిచి, గుండెల నిండా గాలి పీల్చి, నూట ఇరవై బోర్డుల పనీ అక్కడికక్కడే ఇచ్చేశాడు. అక్కకి.

"మరి నేనేం చెయ్యాలే?" అన్నాడు బావ.

"నిచ్చెన పట్టుకోండి."

మొదటి పది వీధులూ మొహం మాడ్చుకునే పట్టుకున్నాడు. పదకొండో వీధిలో నిచ్చెన కేసి చాలాసేపు చూసి, నన్ను పిలిచాడు.

"ఒరేయ్, చూశావా? నిచ్చెన కాళ్లు కిందకొచ్చేసరికి విచ్చుకోబట్టే మీ అక్క పైన నిలబడగలిగింది!"