సురేంద్ర ఆపేసిన జపాన్ ఆట

గోవిందప్ప వాయిస్ మెసేజ్ వచ్చిందంటే చాలు, సురేంద్ర ఫోను బోర్లా పెట్టేసేవాడు. అందులో తిట్లుండవు, బెదిరింపులుండవు. ఒకటే ప్రశ్న ఉంటుంది.

"సురేంద్రప్పా, చెల్లెలు దొరికిందా?"

సురేంద్రది పుంగనూరులో పశువుల దాణా అంగడి. పగలంతా తవుడు బస్తాలతో, పాడి రైతుల బేరాలతో గడిచిపోతుంది. సాయంత్రం అంగడి మూసి మిద్దె మీది గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. జపాన్ వాళ్ళు చేసిన కథల ఆటలంటే అతనికి పిచ్చి. మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు క్లాసులు ఎగ్గొట్టి నెట్ సెంటర్లో పట్టుకున్న పిచ్చి అది. ఇప్పుడు ఆడుతూ, పాత్రలు మాట్లాడుకునేదంతా తన పక్క తెలుగులో చెబుతూ యూట్యూబ్‌లో లైవ్ పెడతాడు. చూసేవాళ్ళు పెద్దగా లేరు. ఉన్నవాళ్ళు మాత్రం విడవకుండా వస్తారు.

ఆ ఆటలన్నిటిలో అతనికి ప్రాణం 'నీలి దీవి'. హరు అనే జాలరి కుర్రవాడూ వాడి చెల్లెలూ పడవ మీద ఊరూరా తిరిగే కథ. చివర్లో చెల్లెలిని ఒక పెద్ద అల ఎత్తుకుపోతుంది. ఆమె బతికుందో లేదో చెప్పకుండానే ఆట అయిపోతుంది. ఆ ఒక్క సంగతి కోసం సురేంద్ర ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. రెండో భాగం వచ్చిన రోజు అంగడి మధ్యాహ్నమే మూసేశాడు.

గోవిందప్ప పరిచయమైంది ఆ వారంలోనే. శాంతిపురం దగ్గర గ్రానైట్ పని చేసి చేసి అలసిపోయిన మనిషి. షుగర్ వల్ల చూపు పోయాక కుప్పంలో కూతురు మంజు ఇంటికి చేరాడు. మంజు ఫోనులో ఏదో వెతుకుతుంటే సురేంద్ర గొంతు వినబడిందట. "ఉండనీమ్మా, ఈయప్ప మన మాట మాట్లాడతాండాడు" అన్నాడట. ఆ రోజు నుంచి సాయంత్రమైతే చాలు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. చానల్‌లో ఉన్న నంబరుకు మంజు చేత వాయిస్ మెసేజ్‌లు పెట్టించేవాడు. అల ఎత్తుకుపోయిన చెల్లెలి సంగతి సురేంద్ర నోట విన్నప్పటి నుంచి ఆయన ధ్యాసంతా ఆ పిల్ల మీదే. హరు ఆయన నోట్లో హరిగాడు అయిపోయాడు.

రెండో భాగం మాత్రం మొదటి వారానికే చప్పబడింది. హరు సముద్రం వైపు తిరిగి చూడడు. ఒక ఊళ్ళో ముసలమ్మకు మూలికలు తెచ్చివ్వడం, ఇంకో ఊళ్ళో ఎలుకల్ని చంపడం, మళ్ళీ మూలికలు. ఎవరెవరో వచ్చి ఏవో మహిమగల రాళ్ళ గురించి గంటసేపు ఉపన్యాసం చెబుతారు. చెల్లెలి పేరు ఎత్తేవాడే లేడు. అనుమానం వచ్చి, ఆట పూర్తిచేసిన వాళ్ళు రాసినవి వెతికి చదివాడు సురేంద్ర. చెల్లెలు ఆఖరు దాకా రాదు. ఆమె సంగతి మూడో భాగానికి దాచారట.

ఆ సాయంత్రమే ఆపేసుంటే పోయేది. కానీ లైవ్ మొదలుపెట్టేసరికి కుప్పం నుంచి మెసేజ్ వచ్చి ఉంది. "హరిగాడు ఈ పొద్దన్నా పట్టుకుంటాడా అప్పా?"

తెర మీద హరు ఖాళీ నేలమాళిగలో నడుస్తున్నాడు. సురేంద్ర నోటికి తోచింది చెప్పేశాడు. ఎదురుగా ఒక ఇనుప తలుపుంది, దాని వెనక ఎవరో ఆడపిల్ల పాడుతోంది, అని. తన అమ్మ శెనక్కాయ పీకేటప్పుడు పాడే పదం ఒకటి గుర్తొచ్చి సన్నగా పాడాడు కూడా.

మరుసటి పొద్దు నుంచి మొదలైంది గుబులు. "అన్నా, తలుపు ఏది? మాకు కనపడలేదే" అని చూసేవాళ్ళు కామెంట్లు పెట్టారు. వాటిని గబగబా తుడిచేశాడు. మంజు చదివి తండ్రికి చెబితే? అటు గోవిందప్ప తలుపు ఎప్పుడు తెరుస్తారని అడుగుతూనే ఉన్నాడు. తాళంచెవి పోయిందని ఒక రోజు, కాపలావాడు లేచాడని ఒక రోజు నెట్టుకొచ్చాడు. అంగట్లో ధ్యాస లేక ఒక రైతుకు ఉలవలకు బదులు వేరుశెనగ చెక్క తూచి పంపాడు.

భార్య ఉష కనిపెట్టింది. "యాల ఇట్లయిపోతాండావు? బాగలేకుంటే ఆపేయి. ఆటే గదా!"

"నాకు ఆటే. ఆయనకేం చెప్పేది?"

"ఉండేది చెప్పు. ఫోన్లో కాదు, పోయి చెప్పు."

ఆదివారం కుప్పం బస్సెక్కాడు. వెంకటగిరికోట దాటేదాకా మాటలు పేర్చుకుంటూనే ఉన్నాడు. దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

మంజు తలుపు తీసి, పేరు వినగానే గొంతు తగ్గించింది. "నాకు తెలుసన్నా. ఆడ తలుపే లేదు. మా నాయనకు చెప్పేదానికి నాకూ నోరు రాలా."

గోవిందప్ప లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. గొంతు గుర్తుపట్టి మొహమంతా విప్పార్చి నవ్వాడు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ నవ్వు చూసేసరికి సురేంద్రకు ఇంకా భయమేసింది.

"మామా, ఆ ఆట ఆపేస్తాండాను. బాగలేదు."

"చెల్లెలు?"

"దాంట్లో చెల్లెలు లేదు మామా. తలుపూ లేదు. నేనే కల్పించినా."

గోవిందప్ప చెయ్యి వదిలేశాడు. "మరి పాట?"

"మా అమ్మ పాడేది."

"నేనేమో, జపాన్లో గూడా శెనక్కాయ పీకేటప్పుడు ఇట్లే పాడతారని ఊరంతా చెప్పినా." ఎవరూ నవ్వలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు. "కండ్లు లేవని గదా నాకట్ల చెప్పినావు? కండ్లుండే వాళ్ళకి చెప్పుంటావా?"

మంజు తెచ్చిన కాఫీని సురేంద్ర తాగకుండానే కింద పెట్టాడు. "బస్సుకు పొద్దుపోతాది, పో అప్పా" అన్నాడు గోవిందప్ప. కోపంగా కూడా అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

ఆ సాయంత్రం లైవ్‌లో జరిగింది జరిగినట్టు చెప్పి, ఆటను కంప్యూటర్లోంచి తీసేశాడు. కొందరు వెక్కిరించారు, కొందరు చానల్ వదిలి వెళ్ళారు. అవేవీ అతనికి పట్టలేదు. కుప్పం నుంచి మాట లేదు. ఎన్నడూ లేనిది, అదే మెసేజ్ కోసం అంగట్లో మాటిమాటికీ ఫోను చూసుకున్నాడు. పెద్దాయన తిండి మానేశాడేమో, సాయంత్రాలు ఊరికే కూర్చుంటున్నాడేమో అని మనసు పీకేది.

ఒక రోజు ఉలవల బస్తా దింపుతుంటే కుప్పం నుంచి మెసేజ్ వచ్చింది.

"సురేంద్రప్పా, మొదటి ఆటలో చెల్లెలు ఉంటాదంట గదా, మంజు చెప్పె. అది ఆడు. కడాకు పోతాదని తెలుసులే. అయినా ఇంటా. ఉండేది ఉండేట్టు చెప్పల్ల."

సురేంద్ర బస్తా సంగతి మరిచి ఆ మెసేజ్ మళ్ళీ విన్నాడు. సంతోషం వెనకే ఇంకో బెంగ తగులుకుంది. కుర్రతనంలో నచ్చిన ఆట, ఇప్పుడు చూస్తే అదీ చప్పగా ఉంటేనో?

సాయంత్రం మొదలుపెట్టాడు. ఈసారి మంజు ఫోన్ కలిపి తండ్రి చేతికిచ్చింది, మాట్లాడుతూ వినొచ్చని. కాసేపు కథ బాగానే సాగింది. తర్వాత ఒక పొడవైన ఇసుక తీరం వచ్చింది. మాటల్లేవు, మనుషుల్లేరు. ఏదైనా కల్పించి చెప్పాలని సురేంద్రకు నాలుక కొసదాకా వచ్చింది.

"ఈడ ఏమీ లేదు మామా" అన్నాడు. "హరు, చెల్లెలు ఊరికే నడస్తాండారు."

అవతల గోవిందప్ప మంచం కిర్రుమంది. సర్దుకుని కూర్చున్నాడు కాబోలు.

"నడవనీప్పా" అన్నాడు. "ఇద్దురూ ఉండారు గదా."