పామర్రు ఫ్యాన్‌కు తాళం

రెండేళ్ల క్రితం, ఖరీఫ్ కోతలకు ముందు, పామర్రులోని ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకు వేడిగాలితో ధాన్యం ఆరబెట్టే ఫ్యాన్ చేసే పని మా విజయవాడ వర్క్‌షాపుకు వచ్చింది. లెక్కలు కొత్తగా చేరిన ఇంజనీరు ఝాన్సీకి ఇచ్చి, నన్ను సరిచూడమన్నారు. డిజైన్ ఇన్‌చార్జి కుర్చీ ఖాళీగా ఉంది; ఈ పని ఎవరిదైతే కుర్చీ వారిదని అందరికీ తెలుసు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. అయినా సొంతంగా నేర్చుకున్న లెక్కలతో అప్పటిదాకా ప్రతి ఫ్యాన్‌నూ నేనే లెక్కగట్టాను.

తప్పు దొరకాలని కోరుకుంటూనే ఆమె షీటు చదివాను. వాయువుల లెక్కలో సెల్సియస్ డిగ్రీలను నేరుగా వాడకూడదు, 273 కలపాలి. ముప్పై డిగ్రీల గాలి 303, తొంభై డిగ్రీల గాలి 363. కొత్తవాళ్లు తొంభైని ముప్పైకి మూడు రెట్లనుకుని, గాలి మూడో వంతుకు పలచబడిందని రాస్తారు. ఝాన్సీ రాయలేదు. నాకు చిరాకేసింది. చివరికి మోటారు దగ్గర పట్టుకున్నాను. వేడి గాలికి పన్నెండు హార్స్‌పవర్ చాలు. చల్లగాలి బరువెక్కువ, దాన్ని తోయాలంటే పద్నాలుగు దాటుతుంది. ఆమె పెట్టింది పన్నెండున్నర.

"వేడెక్కేదాకా డ్యాంపర్ మూసే ఉంచుతాం కదండీ," అంది. డ్యాంపరంటే గాలి దారిని మూసే రేకు తలుపు. పద్ధతి సరైనదే. మిల్లులో అంతసేపు ఎవరు ఆగుతారని అడిగాను. నవ్వి షీటు తీసుకుంది.

లెక్కగట్టిన మనిషే ట్రయల్ రోజు స్విచ్ వేయడం, మిల్లు యజమాని ఆ మనిషికి కండువా కప్పడం మా దగ్గర ఆనవాయితీ. పామర్రులో స్విచ్ ఝాన్సీ వేసింది. నేను గోడ పక్కన నిలబడ్డాను. గాలిని వేడిచేసే ఆవిరి ఇంకా అందకముందే యజమాని సుబ్బారావు గారు "గాలేదమ్మా?" అంటూ తానే డ్యాంపర్ లీవరు లాగేశారు. మోటారు మూలిగి, ట్రిప్పై ఆగిపోయింది. నా ముఖం ఎవరికీ కనబడకుండా కరెంటు చూపే అమ్మీటరు వైపు తిరిగాను.

ఝాన్సీ డ్యాంపర్ మూసింది. గోనెసంచుల గది తాళం అడిగి తెప్పించి, లీవరును గొలుసుతో కట్టి దానికి వేసింది. తాళంచెవి బాయిలర్ చూసే ఏసుబాబుకిచ్చింది.

"బాబాయ్, తొంభై వచ్చాకే తియ్యండి. ఓనరు గారడిగినా ఇవ్వొద్దు."

"నా మిల్లులో నాకే తాళమా తల్లీ," అని సుబ్బారావు గారే అందరికంటే ముందు నవ్వారు.

మోటారు మళ్లీ తిరిగింది. తొంభై వచ్చాక లీవరు తీస్తే అమ్మీటరు ముల్లు హద్దు గీత దాటలేదు. ఆమెకు కండువా కప్పారు. తర్వాత కుర్చీ కూడా ఆమెకే వచ్చింది. నేను కిందటేడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

మోటారు ఎప్పుడు ఆగుతుందో నా లెక్క ముందే చెప్పింది. ఆగకుండా ఏం చేయాలో చెప్పలేదు. వేడిగాలి ఫ్యాన్‌ను వేడికీ చల్లదనానికీ విడివిడిగా లెక్కగట్టాలి, లీవరు ఎవరి చేతికి అందుతుందో కూడా చూడాలి. ఆ రెండోది ఝాన్సీ దగ్గరే నేర్చుకున్నాను. ఆమెకు కప్పిన కండువాకు జరీ అంచు ఉంది. నా బీరువాలో ఉన్నవాటిలో ఒక్కదానికీ లేదు.