పని పంచాయతీ

బడా బజార్‌లో ఇనుప సామాన్ల కొట్టు ముందు నడిస్తే, ఆ గ్రీజు వాసనకి నాన్న చేతులు గుర్తొస్తాయి.

నా చిన్నప్పుడు పాత్రపూర్ దగ్గర మా ఊళ్లో, కాలువ నీళ్లు పంచే పాణి పంచాయత్ ఎన్నికల్లో ఆయన నిలబడ్డారు. ఒడియాలో పాణి అంటే నీళ్లని నాకప్పటికి తెలీదు. దాన్ని 'పని' అని విని, గెలిచినవాళ్లకి పని ఇస్తారనుకున్నాను. ఇంటింటికీ వెళ్లి, "మా నానకి పని నేదు, ఓటెయ్యండి" అన్నాను. అందరూ నవ్వారు, ఓట్లు మాత్రం వేశారు.

గెలిచాక నాన్న ఎప్పుడు చూసినా కాలువ గేటు దగ్గరే, దాని మరలకి గ్రీజు రాస్తూ. కాలువ చివరనున్న మా పొలానికి అందరి తర్వాతే నీళ్లు వదిలేవారు. ఆ ఏడు మా నారు ఎండిపోయింది. అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది: "ఏటండీ, పాణి ఊరోళ్లకీ, పని మీకూనా?"

నాన్న మజ్జిగ పోసుకున్నారు.

నేను మరీ తప్పుగా వినలేదన్నమాట.