జనరేటరు ట్రాలీకి వెనక లైట్లు

మా అన్నయ్యకు ఒక పాత వ్యానూ, దాని వెనక తగిలించుకుని లాక్కెళ్లే జనరేటరు ట్రాలీ ఉండేవి. కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయినా, దినకార్యమైనా, కరెంటు పోతుందేమోనన్న భయం ఉన్నవాళ్లు ఆయన్నే పిలిచేవారు. నేను విజయవాడలో కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపులో పనిచేసేవాణ్ణి. ముహూర్తాల రోజుల్లో ఆయనకు తోడు వెళ్లేవాణ్ణి.

ఆ ట్రాలీకి వెనక లైట్లు లేవు. మా దారుల్లో చాలా ట్రాలీలు అట్లాగే తిరుగుతాయి.

చెరుకు కోతల కాలంలో ఒక తెల్లవారుజామున అన్నయ్య ఉయ్యూరు నుంచి మోటారు సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. బాగా మంచు పట్టింది. టైరు పగిలిన చెరుకు ట్రాలీ ఒకటి రోడ్డు మీదే ఆగి ఉంది. దానికీ వెనక లైట్లు లేవు. అన్నయ్య నేరుగా దానికి గుద్దుకున్నాడు. ఆస్పత్రి దాకా వెళ్లనేలేదు.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలందరూ వ్యాను అమ్మెయ్యమన్నారు. వదిన వినలేదు. డ్రైవరును పెట్టుకుని తనే నడిపించుకుంటానంది. తర్వాత నన్ను పిలిచి, "ముందు ఆ ట్రాలీకి లైట్లు పెట్టు. అవి లేకుండా అది గేటు దాటదు," అంది.

ఆటోనగర్ వెళ్లి, వ్యాను వైర్లను ట్రాలీ లైట్లకు కలిపే ఏడు పిన్నుల సాకెట్టూ, దానికి సరిపోయే ప్లగ్గూ, వైర్లూ, లైట్లూ తెచ్చాను. తీరా చూస్తే వ్యాను మరీ పాతది, లోపలి వైర్లన్నీ ఒకే మట్టిరంగుకు వచ్చేశాయి. ఏది బ్రేకుదో, ఏది ఇండికేటరుదో తెలియలేదు. వదినను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాను. ఆ సీట్లో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, తర్వాత ఎక్కింది.

"బ్రేకు తొక్కు వదినా."

తొక్కింది. నేను టెస్ట్ ల్యాంపు ఒక్కో వైరుకూ ఆనించి, వెలిగినదానికి గుర్తు కట్టాను. అట్లా అన్నీ తేల్చుకుని సాకెట్టు బిగించాను. కానీ ప్లగ్గు పెట్టి చూస్తే బ్రేకు లైటు గుడ్డిగా వెలిగింది, ఇండికేటరు వేస్తే లైట్లన్నీ కలిసి మినుకుమన్నాయి. ఎర్తు సరిగా అందడం లేదని అర్థమైంది. ట్రాలీ ఫ్రేము మీద తుప్పూ, రంగూ గీకి, ఇనుము తేలాక ఎర్తు వైరు బోల్టుతో బిగించాను.

"ఈసారి నువ్వు తొక్కు. నేను చూస్తా," అంటూ వదిన దిగి వెనక్కి వెళ్లింది.

పొద్దు వాలుతోంది. బ్రేకు తొక్కితే, ఆ లైట్ల వెలుగులో ఆమె ముఖం అద్దంలో ఎర్రగా కనిపించింది.

"కాలు తీసెయ్యనా వదినా?"

"ఉంచు. కాసేపు అట్లానే ఉంచు."

నా కాలు తిమ్మిరెక్కేదాకా తొక్కిపట్టాను.

కొన్నాళ్లకు ఒక నడివయసు మనిషి గేటు దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రోజు చెరుకు ట్రాలీ నాదేనండి," అన్నాడు. "మీ ట్రాలీ లైట్లు రోడ్డు మీద చూశాను. నా బండికీ పెట్టించుకుందామని... ఎవరు పెట్టారో చెబుతారేమోనని."

వదిన ఒక్క మాటే అడిగింది.

"వెనకాల ఒక కొమ్మన్నా అడ్డం పెట్టలేకపోయారా?"

"కొమ్మ విరుచుకొద్దామనే గట్టు దిగానమ్మా. చప్పుడు వినపడింది. పరిగెత్తుకొచ్చేసరికే..."

అది నిజమో కాదో మాకు ఇప్పటికీ తెలియదు. వదిన నా వైపు తిరిగి, "పెట్టు. వాళ్లింటికే వెళ్లి పెట్టు. ఆ ట్రాలీని ఇక్కడికి తేవద్దు," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు వెళ్లాను. ట్రాలీ వెనక ఆ రోజు వంగిన ఇనుపరేకును ఎవరూ సరిచెయ్యలేదు. దాని పక్కనే హోల్డరు బిగించాల్సి వచ్చింది. ఆయన వైరు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

ఇంటికి రాగానే వదిన అడిగింది. "వెలుగుతున్నాయా?"

"రెండు పక్కలా వెలుగుతున్నాయి వదినా."

అన్నయ్య పోయిన దగ్గర్నుంచి నా ఎదుట కన్నీరు పెట్టని మనిషి, వంటింటి గడప మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.