ఫాదర్‌ను రమ్మన్న మేనమామ

మొన్న ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలపు ఆదివారం బూర్గంపాడు గుడిలో కొత్తగా వచ్చిన ఫాదర్ ప్రసంగం చేస్తూ, రక్షణను దేవుడు అందరికీ చెయ్యి చాచి ఇస్తాడనీ, అందుకోవడమో మానడమో మన ఇష్టానికే వదిలేశాడనీ అన్నారు. పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంది. నాకేమీ అనిపించలేదు. ఫ్యాను గాలికి పీఠం మీది గుడ్డ అంచు కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను. మా మేనమామ గుర్తొచ్చాడు.

మామ మణుగూరు బొగ్గు గనిలో డంపర్ డ్రైవరు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. అత్తయ్య జబ్బు పడ్డప్పుడు మోకాళ్లు కాయలు కాసేలా ప్రార్థించాడు. ఆమె పోయాక గుడి గడప తొక్కడం మానేశాడు. మానేశాడంటే మరీ దూరం పోలేదు. ఆదివారం అమ్మను స్కూటరు మీద గేటు దాకా దింపి, ఎదురు హోటల్లో చాయ్ తాగుతూ పూజ అయ్యేదాకా కూర్చునేవాడు. గుడిగంట ఆలస్యంగా కొడితే కొట్టినవాణ్ణి మందలించేదీ ఆయనే. ప్రసంగం మైకులో వీధంతా వినిపించేది కాబట్టి, లోపల కునికే మాకంటే ఆయనకే ఎక్కువ గుర్తుండేది. అమ్మ బతిమాలితే ఒకటే జవాబు: "నేను పిలిచిన్నాడు ఆయన రాలే అక్కా. ఇప్పుడు ఆయన పిలిస్తే నేనెందుకు పోవాలె?"

ఊపిరితిత్తులు పాడై మామ దవాఖానాలో పడ్డాక అమ్మకు భయం పట్టుకుంది. చావు గురించి కాదు, ఆ తర్వాతి సంగతి గురించి. అప్పటి మా ముసలి ఫాదర్‌ను వెంటబెట్టుకొచ్చింది. పాపాలు ఒప్పుకుని, రోగులకు పూసే పవిత్ర తైలం పూయించుకోమంటే మామ, "ఇప్పుడొద్దు ఫాదర్" అన్నాడు.

వరండాలో అమ్మ ఫాదర్‌ను పట్టుకుంది. "నిద్రపోయినప్పుడు పూసిపోండి ఫాదర్, వానికి తెల్వదు."

"వద్దన్న మనిషికి దొంగచాటుగ ఎట్ల పూస్తనమ్మా? దేవుడే బలవంతపెట్టడు, నేనెంత?"

అయినా ఆయన రోజూ సాయంత్రం వచ్చేవారు. ప్రార్థన ఊసెత్తకుండా, వానల గురించీ అశ్వారావుపేట పామాయిల్ తోటల గురించీ మాట్లాడి వెళ్లేవారు. ఆయన వచ్చే వేళకు మామ కుర్చీని మంచం దగ్గరికి జరిపించేవాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ అన్నం తేవడానికి ఇంటికెళ్లింది. నేనొక్కదాన్నే ఉన్నాను. మామ కళ్లు తెరిచాడు.

"ఫాదర్ వచ్చిండా బిడ్డా?"

"ఇంకా రాలే మామా. పొద్దుగూకినంక వస్తడు."

"జల్దీ రమ్మను. ఆ నూనె నేనే అడిగిన్నని చెప్పు."

ఫోన్ చేశాను. ఫాదర్ దారిలో ఉండగానే మామ ఊపిరి ఆగిపోయింది. ఆయన చెమటలు కక్కుతూ వచ్చి, మామ నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. అమ్మ క్యారియర్ చేతిలో పట్టుకునే అడిగింది: "నూనె అందకపాయె. నా తమ్ముడు ఏమైతడు ఫాదర్?"

"అడిగిండు గదమ్మా. తైలం అందకపోయినా దేవుని చెయ్యి అందుతది. అడగాలని ఆయనకు అనిపించింది చూడు, గదే దేవవరప్రసాదం. సరే అన్నది మాత్రం మీ తమ్ముడే."

అమ్మ నా వైపు తిరిగింది. "నిజంగ అన్నడా?"

"అవ్. అన్నడు."

తను పోయేదాకా అమ్మ ఆ మాట నాతో చెప్పించుకుంటూనే ఉంది. విన్న ప్రతిసారీ ఏడ్చేది. నేను ఆ రోజూ ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. చెప్పీ చెప్పీ ఇప్పుడు ఆ మాటలో మామ గొంతు నాకు వినిపించడం లేదు, నా గొంతే వినిపిస్తుంది. కాలం దుఃఖాన్ని మాన్పుతుందని అందరూ అంటారు. నా దగ్గరికి దుఃఖమే ఇంకా రాలేదు, కాలం మాత్రం వచ్చి వెళ్లిపోతూనే ఉంది.