ఇంటి ముందు పడవ

జాలరిపేటలో చేపలమ్మే సుధారాణితో బేరమాడి నెగ్గినవాడు ఇంకా పుట్టలేదు. పదేళ్లుగా ఆమె దగ్గరే కొంటున్నాను, పదేళ్లుగా ఓడిపోతున్నాను. ఆమె మొగుడు దుర్గారావుకు మాత్రం మాటలతో పనిలేదు. తాగొస్తాడు, చెయ్యి చేసుకుంటాడు, అది తన జన్మహక్కనుకుంటాడు.

పేటలో ఒక ఆనవాయితీ ఉంది. మొగుడు కొడితే పెళ్లాం మూట కట్టుకుని పుట్టింటికి పోవాలి. పెద్దలు నెల్లాళ్లు చూసి, వాడికి నాలుగు చీవాట్లు పెట్టి, ఆమెను మళ్లీ తెచ్చి వాడికే అప్పజెబుతారు. కొట్టినవాడు ఇంట్లో, దెబ్బలు తిన్నది వీధిలో. ఎవడు కనిపెట్టాడో గాని మహానుభావుడు. సుధారాణి అలా ఏడుసార్లు భీమిలి బస్సెక్కింది. ఎనిమిదోసారి పై పన్ను ఊడింది. ఈసారి బస్సెక్కలేదు. గృహహింస కేసు పెట్టి, కోర్టు నుంచి కాగితం తెచ్చుకుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమె అందులోనే ఉండొచ్చు. దుర్గారావు గుమ్మం తొక్కకూడదు, ఆ ఛాయలకే రాకూడదు. దాన్ని లామినేషన్ చేయించి తలుపుకు మేకులతో బిగించింది.

అది వేట నిషేధపు కాలం. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పనిలేక దుర్గారావుకు తెలివి ఎక్కువైంది. పదిమందిని పోగేసి, తన పడవను మోయించుకొచ్చి, సరిగ్గా ఇంటి ఎదుట పెట్టించి అందులో మకాం వేశాడు. పసుపు కుంకుమలు పెట్టిన పడవ సాక్షాత్తూ గంగమ్మ, గంగమ్మ ఒళ్లో ఉన్నవాణ్ని ఏ జడ్జీ ఏమీ అనలేడని వాడి లా పాయింటు. పొద్దస్తమానం అందులోంచే పెళ్లాన్ని తిట్టేవాడు.

కానిస్టేబులు అర్జునరావు వచ్చాడు. చెప్పుకాలితో పడవ ఎక్కకూడదన్నది పేట నియమం. ఆయన బూట్ల లేసులు విప్పేలోగా దుర్గారావు అటువైపు దూకి పరారయ్యేవాడు. ఆయన బూట్లు తొడుక్కుని వెళ్లగానే మళ్లీ హాజరు. మూడు రోజులు ఇదే తంతు. నాలుగో రోజు అర్జునరావు ఉత్తికాళ్లతో వచ్చి, కాలరు పట్టుకుని స్టేషనుకు తీసుకుపోయాడు.

దాంతో పెద్దలకు పౌరుషం వచ్చింది. కులపెద్ద తాతబాబు సుధారాణి ఇంటి ముందే పంచాయతీ పెట్టాడు. ఇల్లు అత్త ముసలమ్మ పేరున ఉంది. ఆమె కోర్టుకెళ్లి కోడలు వద్దని చెబితే కాగితం చెల్లదని ఆయన లెక్క. ముసలమ్మ సంగతి పేటంతటికీ తెలుసు. ఇరవై ఏళ్లలో కోడలి వంటలో ఉప్పు సరిపోయిందని ఒక్కరోజూ ఒప్పుకోలేదు. అందుకే సుధారాణి భయపడింది. ఆ ఇంటి గోడలు పూసింది తను, ఏటా సున్నం వేసింది తను. ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోవాలి? నేనూ గుంపులో నిలబడి చూస్తున్నాను.

"ముసలమ్మా, ఇల్లు నీది. కోడలొద్దని ఒక్క మాట సెప్పు, సాలు," అన్నాడు తాతబాబు.

ముసలమ్మ ఆయన వైపు చూడనైనా చూడలేదు. లేచి తలుపు దగ్గరకు వెళ్లింది. చదువు రాదు. కాగితం మీద వేలుపెట్టి, నీ పేరు ఎక్కడుందని కోడల్ని అడిగింది. సుధారాణి చూపించింది.

"నువ్వు పుట్టింటికెల్లిపోయినప్పుడల్లా ఆడు నన్ను కొట్టేవోడే," అంది ముసలమ్మ. "కొడుకు కొట్టేడని ఎవులికి సెప్పుకుంతాను? నాను ఏ పుట్టింటికెల్తాను?"

పెద్దలు ఒక్కొక్కరే కండువాలు దులుపుకుని లేచారు. ముసలమ్మ వేలు ఇంకా కాగితం మీదే ఉంది.

"ఒలే, ఇందులో నా పేరు కూడా ఎక్కుతాదేటి?"

సుధారాణి అత్తను పట్టుకుని భోరున ఏడ్చింది. ఎక్కుతుందని, రేపే కోర్టుకు వెళ్దామని చెప్పింది.